అమెరికా ప్రాచీననగరములు – ఆగమాదేశలోప విచారము

వేసవిసెలవులలో నమెరికా సంయుక్తరాష్ట్రములకుఁ బోయి, యచ్చట స్థిరపడిన బిడ్డల యిండ్లలో నుండి, ప్రాచీననగరములను జూచి వచ్చు మనవారి సంఖ్య నానాఁటికిఁ బెరుగుచున్నది. తిరిగివచ్చినవారు వ్రాయు యాత్రావ్యాసములును హెచ్చుచున్నవి. వానిలో నొకమాట తఱచుగాఁ గానవచ్చును: "రెండువందల యేఁబదియేండ్లక్రింద నెట్లుండెనో నేఁడు నట్లే యున్నది." ఈ వాక్యమే యీ వ్యాసమునకు విమర్శవిషయము. అచ్చటి భోజనమును గూర్చియు, బాటల నునుపును గూర్చియు వారేమి వ్రాసినను వారి యిష్టము. "యథాపూర్వముగా నున్నది" యనుట మాత్రము పాఠనిర్ణయము. పాఠనిర్ణయము చేయువాఁడు ప్రతులను జూచి చెప్పవలెను గదా.

ఏనుఁగుల వీరాస్వామయ్యగారు 1830-31 సంవత్సరములలోఁ గాశీయాత్ర చేసి, 1838లో ముద్రితమైన తమ యాత్రాచరిత్రమునందు మజిలీ మజిలీకి నూరిపేరును, దూరమును, నీటివసతిని, సామగ్రి దొరకుటను దొరకకుండుటను వ్రాసిపెట్టిరి. వారు పల్లకిలోఁ బోయి చూచినంత మనవారు విమానములలోఁ బోయి చూచుట లేదు. గడచిన వేసవిలో బోస్టన్, విలియమ్స్‌బర్గ్, ఫిలడెల్ఫియా యను మూఁడు పట్టణములను బంధువులతోఁ గూడి చూచు నవకాశము నాకును గలిగెను. పాణినీయము చదివినవాని కన్నులకు అచ్చటి గోడలెట్లు కనఁబడినవో యిందు నివేదించుచున్నాను.

ముందుగాఁ బదములను జక్కపఱచుకొందము. మన వ్యాసకర్తలు పాఁతకట్టడములకుఁ జేయు ప్రతిపనిని "జీర్ణోద్ధారణ" మనుచున్నారు. ఇది తగదు. జీర్ణోద్ధారణము దేవాలయవిషయమైన పారిభాషికపదము. దాని ప్రయోజనము అర్చన నిలుచుటయే కాని రాయి నిలుచుట కాదు. శ్రీకాళహస్తిలో శ్రీకృష్ణదేవరాయలు 1516లోఁ గట్టించిన రాజగోపురము 2010 మే 26వ తేదీని గూలిపోయెను. దానికి మాఱుగా క్రొత్తగోపురము 2017లో సిద్ధమయ్యెను. దానిక్రిందుగా నడచి స్వామిని సేవించు భక్తునకుఁ గొఱఁత యేమియు లేదు. శాసనపరిశోధకునకు మాత్రము రాయలనాఁటి గోపురము పోయినది పోయినదే. ఇద్దఱు చెప్పునదియు సత్యమే. అధికారులు వేఱు, ప్రయోజనములు వేఱు. అమెరికావారు రెండు వేఱు పనులకు రెండు వేఱు పేళ్లు పెట్టుకొనిరి. నిలిచియున్న పాఁతకట్టడమునుండి తరువాతి చేరికలను దీసివేసి, యేదో యొకకాలపు రూపమునకుఁ దెచ్చుట యొకటి. బొత్తిగా నశించినదానిని క్రొత్త యిటుకలతో, క్రొత్త కొయ్యలతో మఱలఁ గట్టుట రెండవది. మొదటిదానిని బూర్వరూపస్థాపనమనియు, రెండవదానిని బునర్నిర్మాణమనియు నేను వ్యవహరించెదను. మనవారి వ్యాసములలో నీ రెండును గలగాపులగమగుటయే మొదటి దోషము.

ఇఁక శాస్త్రము. ఉన్నదానిని జెఱుపక ప్రక్కఁ జేరునది యాగమము. ఉన్నదానిని దొలఁగించి దానిచోటఁ గూర్చుండునది యాదేశము. మొదటిది మిత్రునివంటిది, రెండవది శత్రువువంటిది యని బాలురకుఁ జెప్పుచుందుము. కానరాకుండుట లోపము. ప్రత్యయము లోపించినను దాని కార్యము నిలుచుట గలదు. ఆదేశమునకు స్థానివద్భావము గలదు. అనఁగా స్థానికిఁ జెల్లు కార్యములు దాని చోటికి వచ్చిన యాదేశమునకును జెల్లును. కాని స్థానియొక్క వర్ణములనే యాశ్రయించిన విధియందు మాత్రము చెల్లదు. ఈ నిషేధము జ్ఞాపకముంచుకొనుఁడు. తరువాత దీనితోఁ బని గలదు.

బోస్టన్‌లో నాగమము లధికము. ఆ నగరము పాఁతదానిపైఁ గ్రొత్తది పేర్చుకొనుచు వచ్చినది. ఆకాశమంటు సౌధముల నడుమ 1713 నాఁటి పాఁత ప్రభుత్వభవనము పెద్దచెట్ల నడుమఁ దులసికోటవలె నున్నది. ఫానియల్ సభాభవనము 1742లోఁ గట్టఁబడి, 1761లోఁ గాలిపోయి, వెంటనే మఱలఁ గట్టఁబడెను. విప్లవకాలపు సభలు జరిగిన దాని వెడల్పు నేఁడు చూచు వెడల్పులో సగమే. 1806లో బుల్‌ఫించ్ అను శిల్పి దానిని రెట్టింపు వెడల్పు చేసి, పైని నింకొక యంతస్తు చేర్చెను. ఇది చక్కని యాగమము. పాఁతదాని నంటియే నిలిచినది. పైఁజెప్పిన ప్రభుత్వభవనపు బాల్కనీనుండి 1776 జూలై 18వ తేదీని స్వాతంత్ర్యప్రకటనము చదువఁబడఁగా, కప్పుపైనుండిన సింహమును, నొంటికొమ్ముగుఱ్ఱమును – రెండును నాంగ్లరాజచిహ్నములు – జనులు దింపి కాల్చివేసిరి. 1882లో వాని ప్రతిరూపములను మఱల నిలిపిరి. ఏ ప్రకటనమువలన నవి దగ్ధమయ్యెనో యా ప్రకటనమును దలఁచుకొనుటకు వచ్చినవారు నేఁ డా చిహ్నములకే ఛాయాచిత్రములు దీసికొనుచున్నారు.

నగరమునందలి పదునాఱు స్థానములను గలుపుచు రెండున్నర మైళ్ల యెఱ్ఱగీఁత యొకటి నేలమీఁదఁ గలదు. ఈ బాట యేర్పడినది 1951లో. మేలైన యేర్పాటే. గ్రంథమునకు విషయసూచికవలె నుపకరించును. కాని నేను జూచినంతలో, చాలమంది యా గీఁతనే చూచుచు నడచి, గోడలను జూచుట మఱచుచున్నారు.

ఆ గీఁతమీఁదనే పాల్ రివియర్ గృహము గలదు. దీనిని గూర్చి కొంచెము నిలిచి చెప్పవలెను. ఇల్లు సుమారు 1680 నాఁటిది. రివియర్ దానిని గొన్నది 1770లో. అప్పటికే వీధివైపు కప్పు నెత్తి మూఁడవ యంతస్తు వేసియుండిరి. రివియర్ కాపురముండినది మూఁడంతస్తుల యింటిలో. 1907-08లోఁ బూర్వరూపస్థాపనము చేసిన ఛాండ్లర్ అను శిల్పి పదునేడవ శతాబ్దిరూపమునందు మక్కువచే నా మూఁడవ యంతస్తును దీసివేసెను. జనులు వచ్చునది రివియర్ కొఱకు. చూచునది రివియర్ పుట్టుటకుఁ బూర్వపు రూపము. పేరు నిలిచినది, పేరింటివాని పాఠము పోయినది. పురాతనతరమైనదే ప్రామాణికతరమను భ్రమ మన పరిష్కర్తలకును గలదు. ఒక కవి తానే చేసికొనిన మార్పును సైతము "ఆర్వాచీనపాఠ" మని త్రోసిపుచ్చినవారిని మన మెఱుఁగుదుము గదా.

ఇఁక వర్జీనియా రాష్ట్రములోని విలియమ్స్‌బర్గ్. ఈ వ్యాసమున కిదియే ముఖ్యస్థలము. 1699 మొదలు 1780 వఱకు నిది వర్జీనియాకు రాజధాని. రాజధాని రిచ్‌మండ్‌కు మాఱినతరువాత నూరు నిద్రపోయినది. ఆ నిద్రయే దానిని గాపాడెను. 1926లో బ్రూటన్ దేవాలయపు మతాచార్యుఁడగు గుడ్విన్ ప్రోత్సహింపఁగా, రెండవ జాన్ రాక్‌ఫెల్లర్ ధనమిచ్చి, యూరంతయుఁ బదునెనిమిదవ శతాబ్దిరూపమునకుఁ దెచ్చు పని కారంభించెను. సుమారు మూఁడువందల యెకరముల నేల యీ పనికి లోఁబడెను. నిలిచియుండిన పాఁతయిండ్లు ఎనుబదికిఁ బైగా దిద్దఁబడినవి. అనేకములు పునాదులపై మఱలఁ గట్టఁబడినవి. 1790 తరువాతివను హేతువుచే నేడువందలకుఁ బైబడిన కట్టడములు తీసివేయఁబడినవి. ఈ తుదిసంఖ్యను బాఠకులు మఱువరాదు.

న్యాయముగాఁ జెప్పవలెనన్న, ఆ పరిష్కర్తలు సామాన్యులు గారు. గవర్నరు భవనము 1781 డిసెంబరులోఁ గాలిపోయెను. దానిని మఱలఁ గట్టుటకు వారు మూఁడు ప్రతులను సంపాదించిరి. మొదటిది నేలలోని పునాది. దానిని 1930లోఁ ద్రవ్విరి. రెండవది థామస్ జెఫర్సన్ తాను గొలిచి గీసిన గదుల పటము. ఆయన గవర్నరై యా భవనమునందుండినవాఁడు. మూఁడవది ఆక్స్‌ఫర్డ్‌లోని బాడ్లియన్ గ్రంథాలయమున 1929లో దొరకిన రాగిఱేకు. దానిపై నా భవనపు ముఖభాగము చెక్కియున్నది. మూఁడును బరస్పరము సరిపోయినవి. తోఁటను ద్రవ్వఁగా 156 సమాధులు బయల్పడినవి. యుద్ధకాలమున నా భవనము వైద్యశాలగా నుండినప్పుడు మరణించినవారివి యవి. భవనము 1934లో సందర్శకులకుఁ దెఱవఁబడెను. ఇంత శ్రద్ధతోఁ బ్రతులను గూర్చిన సంపాదకుని మన భాషలో వ్రేళ్లమీఁద లెక్కింపవచ్చును.

అట్టివారే రాజసభాభవనమున నొక విచిత్రమైన పని చేసిరి. మొదటి భవనము 1705లో ముగిసి, 1747లోఁ గాలిపోయెను. ఆ చోటనే రెండవది కట్టఁబడి, 1832 వఱకు నిలిచి, యదియుఁ గాలిపోయెను. ప్యాట్రిక్ హెన్రీ 1765లో స్టాంపుచట్టము నెదిరించి తీర్మానములు ప్రవేశపెట్టినది రెండవభవనమున. 1776 మేనెలలో వర్జీనియా ప్రతినిధులు స్వాతంత్ర్యమును గోరి తీర్మానించినదియు రెండవభవనమున. 1934లో మఱలఁ గట్టఁబడినది మొదటిది! హేతువేమనఁగా, మొదటిదాని రూపమునకు రాగిఱేకు ప్రమాణముగాఁ దొరకినది; రెండవదానికిఁ దగినంత ప్రమాణము దొరకలేదు. పరిష్కర్తలు తెలిసియే యట్లు నిర్ణయించిరి. ప్రమాణమున్నదానినే కట్టుదుమనుట సంపాదకధర్మమే. దోషము వారియందు లేదు. అచ్చట నిలిచి హెన్రీకథను విని, "ఈ గోడలే వినినవి" యని వ్రాయు యాత్రికునియందుఁ గలదు. మొదటిభవనము కాలిననాఁడు హెన్రీ పదేండ్ల బాలుఁడు. ఆ గోడలు వినలేదు. నేఁటి గోడలు విననే లేదు.

ఇచ్చట స్థానివద్భావమును దెచ్చి చూతము. పునర్నిర్మిత మాదేశము. నాఁటి సభ యెట్లు కూర్చుండెడిదో, న్యాయాధిపతులు ఎచ్చటనుండిరో, వెలుతురెట్లు వచ్చెడిదో బాలురకుఁ జూపు కార్యము స్థానికెంత చెల్లునో యాదేశమునకు నంతయే చెల్లును. కావున విలియమ్స్‌బర్గ్‌ను "నాటకశాల" యని త్రోసివేయువారితో నేను గలియను. కాని సాక్ష్యమిచ్చు కార్యము వర్ణాశ్రయము. ఆ యిటుక, యా కొయ్య నాశ్రయించినది. అది యాదేశమునకుఁ జెల్లదు. "చూపుట" వేఱు, "సాక్షియగుట" వేఱు. పునర్నిర్మిత గృహమును జూచి నేర్చుకొనవచ్చును. దానిని బట్టి రుజువు చేయరాదు.

ఇంతకంటె బరువైన సంగతి లోపవిషయమైనది. 1775లో నా యూరి జనులలో సగమునకుఁ బైగా నల్లవారు; వారిలో మిక్కిలిమంది దాసులు. పూర్వరూపస్థాపనము జరిగిన తొలిదశాబ్దములలో వారి కథ కానరాకుండెను. గవర్నరుగారి వెండిపాత్ర లుండెను, వానిని దోమినచేతులు లేవు. 1979 నుండి వారి జీవితమును జూపుటకుఁ బ్రయత్నము మొదలయ్యెను. ఇది యొక లోపము. ఇఁక నస్సౌ వీధిలో జరిగినది లోపము గాదు, పరిష్కర్త చేసిన తొలఁగింపు. నల్లవారి ప్రథమ బాప్టిస్టు సంఘమునకు 1856లోఁ గట్టిన యిటుకదేవాలయ మొకటి యచ్చట నుండెను. పదునెనిమిదవ శతాబ్దిది కాదను న్యాయముచే 1950ల దశకమున దానిని గొని పడఁగొట్టిరి. 1965లో నా నేలపై మోటారుబండ్లు నిలుపు చదును వేసిరి. 2020లో నా సంఘమువారును, పూర్వము దానిని దీసివేసిన సంస్థవారును గలసి త్రవ్వకము మొదలిడిరి. పందొమ్మిదవ శతాబ్ది యారంభపు తొలిదేవాలయ పునాది దొరకెను. అఱువదికిఁ బైగా సమాధులు కానవచ్చెను. కొన్ని యెముకలను బరీక్షింపఁగా నవి యాఫ్రికాసంతతివారివని 2023లో నిశ్చయమయ్యెను.

పాఠకులు పండితులు గావున నిచ్చటఁ గొంచెము నిలువుఁడు. ప్రక్షిప్తమని తొలఁగింపఁబడినదాని క్రిందనే, తాము వెదకుచుండిన ప్రాచీనతకుఁ జేరువైన పాఠము దాఁగియుండెను. ఆ యిటుకదేవాలయ మర్వాచీనమే, సందేహము లేదు. కాని యది యా చోటనే యుండుటకుఁ గారణము పూర్వముండినది. తరువాతిపాఠము పూర్వపాఠమునకు గుర్తుగా నిలిచియుండఁగా, గుర్తును జెఱిపి మూలమును బోఁగొట్టుకొనిరి. మనలో బాలవ్యాకరణము 1858లో వెలసినతరువాత, దానికి విరుద్ధమని తోఁచిన రూపములను బూర్వకవుల గ్రంథములలో దిద్దివేసిన ముద్రణము లెన్ని లేవు? తాళపత్రమునందలి వింతరూపమును వ్రాయసగాని తప్పని తలఁచి చక్కఁబెట్టిన ప్రతిచోటను నొక దేవాలయము కూలినదో, యొక కప్పు మాత్రము మాఱినదో, తాళపత్రము చెడినతరువాత నెవఁడు చెప్పఁగలఁడు? విలియమ్స్‌బర్గ్‌వారికి నేల మిగిలినది. మనకుఁ బత్రము మిగులదు.

ఫిలడెల్ఫియాలో నిట్టి దిద్దుబాటుకు లొంగని వ్రాఁత యొకటి గలదు. స్వాతంత్ర్యఘంట 1752లో లండనునఁ బోఁతపోయఁబడి, యిచ్చటికి వచ్చి పరీక్షించునప్పుడే పగిలెను. ఈ యూరి పనివారగు పాస్, స్టో అనువారు 1753లో రెండుమాఱులు మఱలఁ బోసిరి. కావున మనము చూచు ఘంటయే యాదేశము. దానిమీఁదఁ బెన్సిల్వేనియా యను పేరునందు రెండు నకారములుండవలసినచోట నొకటియే యున్నది. మార్గదర్శకుఁడు "ఇది పోఁతపనివాని తప్పు" అని చెప్పఁగా నందఱు నవ్విరి. నవ్వఁదగదు. 1787 నాఁటి రాజ్యాంగమునందలి సంతకముల పట్టికలోను నా పే రట్లే యొక్క నకారముతో నున్నది. నాఁటికి నది చెల్లిన రూపము. వ్యవహారము స్థిరపడకమున్ను వెలసిన రూపమును స్థిరపడినతరువాతి సూత్రముచే ఖండించుట యెంత తగునో మన బడిపంతుళ్లు నాలోచింపవలెను.

ఆ ఘంటపగులును గూర్చి మఱియొకటి. యాత్రికులందఱు వ్రేలుపెట్టి చూపు వెడల్పైన సందు పగులు గాదు, మరమ్మతు. 1846లో సన్నని పగులు పెరుగకుండుటకై దాని యంచులను దొలిచి వెడల్పు చేసిరి. ఆ ఫిబ్రవరిలో వాషింగ్టన్ జన్మదినోత్సవమునకు మ్రోఁగింపఁగాఁ బగులు పైకిఁ బ్రాఁకెను; ఘంట మూఁగవోయెను. నిజమైన పగులు ఆ సందుపైని వెండ్రుకవలె నున్నది. దానిని జూచువారు తక్కువ. 1776 జూలై 4వ తేదీని మ్రోఁగి స్వాతంత్ర్యమును జాటెననుట పందొమ్మిదవ శతాబ్దిలోఁ బుట్టిన కథ. "స్వాతంత్ర్యఘంట" యను పేరు సైతము 1830ల దశకమున దాస్యనిర్మూలనవాదులు వ్యాపింపఁజేసినదే. ఘంట యుండెడి భవనముయొక్క శిఖరమును నట్టిదే: పాఁతకొయ్యశిఖరము శిథిలమై 1781లోఁ దీయఁబడెను, నేఁటిది 1828లో స్ట్రిక్లండ్ నిలిపినది. నూఱుడాలర్ల నోటుపై ముద్రితమైనది యీ రెండవశిఖరమే.

ఈ నగరమునందే బెంజమిన్ ఫ్రాంక్లిన్ గృహస్థలము గలదు. ఇల్లును 1812లో వారసులు కూల్చిరి. పునాదులు దొరకినవి. ఇల్లు కట్టుచుండఁగా ఫ్రాంక్లిన్ లండనులో నుండుటవలన భార్య డెబొరాతో నడపిన యుత్తరములలో లోపలిగదుల సంగతులు పెక్కు గలవు. కాని వెలుపలిరూప మెట్లుండెనో చెప్పు పటము లేదు. 1976లో విప్లవద్విశతజయంతికై యిల్లు మఱలఁ గట్టవలెనని తలఁపు వచ్చినప్పుడు, వెంటూరి యను శిల్పి సంస్థవారు కట్టలేదు. ఇంటి కొలఁతలకుఁ దగినట్లు ఉక్కుదూలములతో నాకారరేఖను మాత్రము నిలిపిరి. గోడ లేదు, కిటికీ లేదు, కప్పు లేదు. ఉత్తరములలోని వాక్యములను నేలరాళ్లపైఁ జెక్కిరి. అచ్చటచ్చట నేలలో సందులుంచి క్రింది పునాదులు కనఁబడునట్లు చేసిరి.

దీనిని జూచినతోడనే నాకుఁ బూనాలోని భాండార్కర్ ప్రాచ్యపరిశోధనమందిరమువారి మహాభారతము జ్ఞప్తికి వచ్చెను. 1966లో ముగిసిన యా సంశోధితముద్రణమునందు, సుక్‌థంకర్ పండితుఁడు నెలకొల్పిన పద్ధతిచే, నిశ్చయముగాని పాఠముల క్రింద నలలవంటి గీఁత వేయఁబడినది. "ఇచ్చట నా కింతవఱకే తెలియును" అని గీఁత చెప్పును. ఫ్రాంక్లిన్ యుక్కుచట్రము అట్టి గీఁతయే. నేలమీఁదఁ గాక యాకాశమున గీసినది. ఇల్లు లోపించినను దాని కార్యము నిలిచినది.

పూర్వపక్ష మొకటి గలదు. పిల్లలతో వచ్చినవారు శూన్యమైన చట్రమును జూచి యేమి గ్రహింతురు? విలియమ్స్‌బర్గ్‌లోఁ గమ్మరివాఁడు కొలిమి యూఁదుచుండఁగా బాలుఁడు గడియసేపు కదలక నిలుచును. ఇచ్చట రెండునిమిషములలో విసుగుచెందును. ఇది సత్యమే, నా యెదుటనే జరిగినది. పాఠ్యపుస్తకమునకు గీఁతలు తగవు, సంశోధితప్రతికిఁ దగును. బాలురకు సులభప్రతి నిచ్చుట యెవరికిని నిషిద్ధము గాదు, ఆ ప్రతిపై "ఇది సులభప్రతి" యని యున్నంతవఱకు. విలియమ్స్‌బర్గ్‌లో నే యిల్లు పాఁతది, యేది పునర్నిర్మితమో తెలుపు సమాచారము దొరకును. అడిగినచోఁ జెప్పుదురు కూడ. అడుగువారు లేకపోవుటయే కొఱఁత.

తెలుఁగున యాత్రావ్యాసములు వ్రాయువారు "చూచితిమి" అను క్రియకుఁ గర్మ యేదో తెలియునట్లు వ్రాయవలెను: 1680 నాఁటి కొయ్యనా, 1908 నాఁటి కప్పునా, 1934 నాఁటి యిటుకనా. ఫిలడెల్ఫియాలోనే, మార్కెట్ వీధిలో, జెఫర్సన్ స్వాతంత్ర్యప్రకటనమును రచించిన గ్రాఫ్ గృహము గలదు. అది 1883లోఁ గూల్చఁబడి, 1975లోఁ బాఁత ఛాయాచిత్రములను బట్టి మఱలఁ గట్టఁబడినది. ఇటుకలు, కిటికీలు నన్నియు నమర్చిన నిండు గృహము. ఫ్రాంక్లిన్ చట్రము నిలిచినది దాని తరువాతి సంవత్సరము. రెంటికి నడుమఁ బదినిమిషముల నడక. సెలవులలోఁ బోవువారు గ్రాఫ్ గృహమును వెలుపలినుండియైనఁ జూచి, యా పూటనే నడచి చట్రముకడకుఁ బోవలెను. మధ్యాహ్నము దాఁటినచో నా యుక్కునీడ ప్రక్కయింటిగోడపైఁ బడి, యుదయమునఁ గానరాని కప్పువాలు స్పష్టముగాఁ దెలియును.